రాయి, బోరు, పళ్ళ గార: ప్రకాశం ప్రాంత ఫీల్డ్ ట్రిప్పులో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో డిగ్రీ పిల్లలకు జియాలజీ చెబుతాను. ఏటా వాళ్ళను చీమకుర్తి, పొదిలి, కనిగిరి వైపు తీసుకెళ్తాం. కాళ్ళ కింద ఏ రాయి ఉందో, తాగే నీళ్ళలో ఏముందో రెండూ కలిపి చూడాలన్నదే మా పట్టుదల. దారిలో వినిపించే మాటలకు నా జవాబులివి.

అపోహ: చీమకుర్తి గెలాక్సీ రాయిలో (మెరిసే చుక్కలున్న నల్ల రాయి) మెరిసేది బంగారం.

వాస్తవం: కాదు. అది బ్రాంజైట్ అనే ఖనిజం. ఇనుము, మెగ్నీషియం, సిలికాలతో ఏర్పడింది. క్వారీ పక్కన పడి ఉన్న ముక్క తీసుకుని లెన్స్‌లో చూస్తూ ఎండలో మెల్లగా తిప్పండి. ఒక కోణంలో చుక్క భగ్గున మెరుస్తుంది, కాస్త పక్కకు తిప్పగానే ఆరిపోతుంది. బంగారమైతే ఎటు తిప్పినా పసుపు రంగు పోదు. ఇంకో మాట, మార్కెట్లో గ్రానైట్ అని అమ్మినా ఇది గాబ్రో అనే వేరే రకం నల్లటి అగ్నిశిల జాతి రాయి.

అపోహ: నీళ్ళు తేటగా, రుచిగా ఉంటే మంచివే.

వాస్తవం: ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. రాతిలోని ఖనిజాల నుంచి అది నీళ్ళలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ పరీక్షకు మేం వాడే కిట్‌లోని ఎర్రటి మందు నీళ్ళలో చుక్కలుగా వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. ఒకే వీధిలోని రెండు బోర్ల నీళ్ళు పక్కపక్కన పెడితే ఒకటి గులాబీగా ఉండిపోయి, రెండోది పసుపుగా మారుతుంది. అందుకే పక్కింటి రిపోర్టు చూసి మీ నీళ్ళు తాగకండి.

అపోహ: బోరు ఇంకా లోతుగా వేయిస్తే మంచి నీళ్ళు పడతాయి.

వాస్తవం: గట్టి రాతి నేలల్లో చాలాచోట్ల జరిగేది దీనికి వ్యతిరేకం. లోతున ఉన్న నీరు ఏళ్ళ తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఫ్లోరైడ్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. అప్పుచేసి మరీ లోతుకు వేయించిన రైతుకు ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. చెరువు నిండితే వాన నీరు భూమిలోకి దిగి ఆ గాఢత తగ్గుతుంది. అందుకే చెరువుల పూడిక తీయడం ఇక్కడ ఆరోగ్యానికి సంబంధించిన పని.

అపోహ: కాచి తాగితే సరిపోతుంది.

వాస్తవం: క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది కూడా. పటిక, సున్నంతో శుద్ధిచేసే నల్గొండ పద్ధతి గానీ, ఆర్వో గానీ, కాలువ నీళ్ళు గానీ కావాలి.

అపోహ: పిల్లల పళ్ళ మీద గార సరిగ్గా తోముకోకపోవడం వల్లే.

వాస్తవం: ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో చాలావరకు, చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యే వయసులో తాగిన ఆ నీళ్ళే దానికి కారణం. ఎంత తోమినా పోదు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల్ని దయచేసి తిట్టకండి.

అపోహ: మొహానికి తువ్వాలు కట్టుకుంటే రాతి దుమ్ము ఏమీ చేయదు.

వాస్తవం: ఊపిరితిత్తుల్లోకి దిగే సిలికా ధూళి కంటికి కనపడనంత సన్నం, గుడ్డలోంచి దూరిపోతుంది. ఆ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వచ్చాక నయం కాదు. గ్రానైట్ అయినా మార్కాపురం పలక అయినా నీళ్ళు కొడుతూ కోయాలి, సరైన మాస్కు ఇవ్వాలి.

ఈసారి ట్రిప్పుకు వచ్చే పిల్లలు ఇంటి బోరు నీళ్ళు ఒక లీటరు తెచ్చుకోండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే. కాసేపు మోటారు ఆడనిచ్చి, ఆ నీళ్ళతోనే సీసా కడిగి పట్టండి. ఊరి పేరు, బోరు లోతు, తేదీ సీసా మీద రాయండి.