మామిడి, జిన్, మిక్సీ: ఫ్రోజెన్ కాక్‌టెయిల్ మీద అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరి మామిడి బండ్లు రోడ్డెక్కాయంటే బార్ కౌంటర్ దగ్గర నాకు వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. "అన్నా, మామిడి జిన్ ఇంట్లో చేస్తే నీళ్లనీళ్లగా అవుతోంది, మీ దగ్గర అంత చిక్కగా ఎలా వస్తుంది?" అన్నది వాటిలో మొదటిది. దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే. వాళ్లు పండును వదిలేసి ఐసును నమ్ముకున్నారు. మిగతా ఇబ్బందులు చాలావరకు దాని వెనకే వస్తాయి.

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యం తాగడానికి చట్టబద్ధమైన వయసు 21. అది దాటినవాళ్ల కోసమే ఈ రాత.

అపోహ: ఐసు ఎంత ఎక్కువ వేస్తే అంత చిక్కగా వస్తుంది

ఐసు అంటే నీళ్లే. మిక్సీలో తిరిగినప్పుడు చిక్కగా కనిపిస్తుంది, గ్లాసులో పోసిన ఐదు నిమిషాలకే పైన నురగ, కింద నీళ్లుగా విడిపోతుంది. పండుముక్కల్లో చక్కెర, పీచు, గుజ్జు ఉంటాయి. గడ్డకట్టిన ముక్కల్ని తిప్పితే ఆ గుజ్జే సన్నటి మంచు పలుకుల్ని పట్టుకుని ఉంచుతుంది. అందుకే విడిపోవడానికి టైం పడుతుంది. చల్లదనం కోసం పండునే గడ్డకట్టించాలి, ఐసును చివర్లో సర్దుబాటుకు మాత్రమే వాడాలి.

ఇద్దరికి నేను చెప్పే కొలత: గడ్డకట్టిన మామిడి ముక్కలు 300 గ్రాములు, జిన్ 90 మి.లీ., నిమ్మరసం 40 మి.లీ., చక్కెరా నీళ్లూ సమానంగా కలిపి కాచి చల్లార్చిన పాకం 30 మి.లీ., ఐసు 100 గ్రాములు, చిటికెడు ఉప్పు. దీన్ని లెక్కగడితే డ్రింక్‌లో ఆల్కహాల్ 7 శాతం దగ్గర, చక్కెర 12 శాతం దగ్గర వస్తాయి. ఈ రెండు అంకెలూ ముఖ్యం. ఆల్కహాల్, చక్కెర రెండూ నీళ్లు గడ్డకట్టకుండా అడ్డుకుంటాయి. మరీ ఎక్కువైతే ఎంత తిప్పినా జారుగానే ఉంటుంది, మరీ తక్కువైతే రాయి అవుతుంది. "ఇంకో పెగ్గు పడనీ" అని చేయి జారిన ప్రతిసారీ చిక్కదనం పోవడానికి కారణం ఇదే. జిన్ పెంచాలనుకుంటే పండు కూడా పెంచాలి.

ముక్కల్ని ఒకేసారి కవర్లో కుక్కి ఫ్రీజర్లో పడేస్తే ఒక బండలా అంటుకుపోతాయి. పళ్లెంలో ఒక్క వరుసగా పరిచి, గట్టిపడ్డాక కవర్లోకి మార్చాలి. రాత్రి పెడితే మర్నాడు వాడుకోవచ్చు. తీసిన వెంటనే కాకుండా ఐదు నిమిషాలు బయట ఉంచితే బ్లేడు మీద భారం తగ్గుతుంది.

అపోహ: ఇంట్లో మిక్సీతో ఇది కుదరదు, ఖరీదైన బ్లెండర్ కావాలి

కుదురుతుంది. ఇడ్లీపిండి, కొబ్బరి పచ్చడి రుబ్బే మోటారుకు మామిడి ముక్క ఒక లెక్కా? అసలు చిక్కు వేడితో. మన మిక్సీ వేగంగా తిరుగుతుంది, ఆపకుండా ఒక నిమిషం తిప్పితే జార్ వేడెక్కి లోపలున్నది కరిగిపోతుంది. కాబట్టి జార్‌ను ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. జిన్, నిమ్మరసం, పాకం ముందు పోసి, పండు వాటి మీద వేయండి. అడుగున తడి లేకపోతే బ్లేడు గాలిలో తిరుగుతుంది, ముక్కలు పైన అలాగే ఉంటాయి. నాబ్‌ను వెనక్కి తిప్పి వదులుతూ, రెండు మూడు సెకన్ల చొప్పున కొట్టండి. మధ్యలో మిక్సీ ఆపి, మూత తీసి, గరిటెతో ఒకసారి కలపండి. గ్లాసులు కూడా ఫ్రీజర్లో పెట్టినవైతే ఇంకో పది నిమిషాలు నిలుస్తుంది.

అపోహ: పండిన మామిడికి మళ్లీ చక్కెర, నిమ్మకాయ ఎందుకు?

చల్లదనం తీపిని మొద్దుబారుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్‌ను ఒక చెంచా నోట్లో వేసుకుంటే వెగటుగా అనిపిస్తుంది కదా, గడ్డగా ఉన్నప్పుడు అదే తీపి సరిపోయినట్టుండేది. మామూలు వేడి దగ్గర రుచి చూసి "బాగుంది" అనుకున్న మిశ్రమం గడ్డకట్టాక చప్పగా తేలుతుంది. అందుకే గడ్డకట్టే ముందు కొంచెం ఎక్కువ తీపిగా, ఎక్కువ పుల్లగా ఉండాలి. ఇక నిమ్మరసం లేకపోతే అది మందు కలిపిన మ్యాంగో షేక్ అవుతుంది. పండిన మామిడిలో పులుపు తగ్గిపోతుంది, జిన్‌లోని ఘాటుకు ఎదురు నిలవడానికి ఏదో ఒక పులుపు కావాలి. ఉప్పు కూడా అంతే, చిటికెడు పడితే పండు రుచి ముందుకొస్తుంది.

ఏ మామిడి అన్నది నేను గంటలు మాట్లాడగలిగిన విషయం. బంగినపల్లికి పీచు తక్కువ, ముక్కలు నీటుగా వస్తాయి, గడ్డకట్టినా రూపం చెడదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ పండే మా పనికి అన్నింటికంటే సుఖం. రసాలు వాసనలో దానికంటే మెరుగే కానీ ముక్కలుగా కోయలేం. వాటిని పిండి, పీచు వడగట్టి, రసాన్ని ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టించండి. నా ఓటు మాత్రం సగం బంగినపల్లి, సగం చిన్నరసానికి. చిక్కదనం ఒకదాన్నుంచి, వాసన ఇంకోదాన్నుంచి వస్తాయి. కలెక్టర్ కాయకు పులుపు ఉంది కాబట్టి నిమ్మరసం కాస్త తగ్గించుకోవచ్చు. సీజన్ అయిపోయాక చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తయారయ్యే డబ్బా గుజ్జు వాడినా తప్పులేదు, లేబుల్ మీద చక్కెర కలిపారో లేదో చూసి పాకం తగ్గించండి. కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయ మాత్రం వద్దు. అది నిషేధం ఎలాగూ ఉంది, పైగా తొక్క పసుపైనా లోపల వాసనే ఉండదు, చల్లబడితే ఆ కాస్తా కూడా తెలియదు.

పుచ్చకాయకు మామిడి కొలత పనికిరాదు. అందులో 90 శాతానికి పైగా నీళ్లే, ఐసు అసలు వేయకూడదు, పాకం పెంచాలి. లేదంటే గులాబీ రంగు మంచు పలుకులు తిన్నట్టుంటుంది. నల్ల ద్రాక్ష కాయలకు కాయలే గడ్డకట్టించి వేయొచ్చు. తాటి ముంజలను మిక్సీలో వేయడం నాకు ఇష్టం ఉండదు. సన్నగా తరిగి గ్లాసు పైన వేసుకుంటేనే వాటి మెత్తదనం తెలుస్తుంది.

అపోహ: పండులో కలిసిపోతుంది కదా, ఏ జిన్ అయినా ఒకటే

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది, ఎంత ఖరీదైనది పోస్తే అంత రుచి అని. రెండూ తప్పే. జిన్ అంటే జూనిపర్ అనే పొద కాయల వాసన పట్టించిన స్పిరిట్. ధనియాలు, నిమ్మజాతి తొక్కలు, మూలికలు బ్రాండును బట్టి మారతాయి. బాగా చల్లబడితే సన్నటి పూల వాసనలు ముందు పోతాయి, జూనిపర్, నిమ్మ తొక్క లాంటి గట్టి వాసనలే నిలుస్తాయి. కాబట్టి సున్నితమైన ఖరీదు సీసాను దీంట్లో పోయడం డబ్బు దండగ. జూనిపర్ గట్టిగా ఉన్న మధ్యరకం లండన్ డ్రై చాలు. లండన్ డ్రై అని రాసి ఉంటే లండన్‌లో తయారైందని కాదు. డిస్టిలేషన్ అయ్యాక రంగు, రుచి కలపకుండా, చక్కెర దాదాపు లేకుండా చేసే పద్ధతి అది. గోవాలో 2017 నుంచి తయారవుతున్న గ్రేటర్ దాన్ కూడా ఆ రకమే, మామిడికి బాగా కుదురుతుంది. హిమాలయాల జూనిపర్‌తో చేసే హపూసా జిన్‌ను నేనైతే పచ్చిమామిడి డ్రింకులకు దాచుకుంటాను. రంగు కలిపిన తీపి జిన్‌లు వాడితే పాకం సగానికి తగ్గించండి.

అపోహ: జిన్ సీసాను ఫ్రీజర్లో పెడితే పగిలిపోతుంది

మన దగ్గర దొరికే జిన్‌లలో ఎక్కువ 42.8 శాతం ఆల్కహాల్‌వి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చలికి ఇది గడ్డకట్టదు, కాస్త నూనెలా చిక్కబడుతుంది, అంతే. ఫ్రోజెన్ డ్రింకుకు అదే మంచిది, ఐసు కరగడం తగ్గుతుంది. పగిలేవి బీరు, టానిక్ వాటర్ సీసాలు. అన్నట్టు, టానిక్ గానీ సోడా గానీ మిక్సీలో పోయకండి. గ్యాస్ అంతా పోతుంది, మూత ఎగిరి వంటగది గోడలు కడుక్కోవాల్సి వస్తుంది. కావాలంటే గ్లాసులో పోశాక పైన ఒక పొర పోసుకోండి.

అపోహ: పండ్ల డ్రింక్ కదా, వేడి తగ్గిస్తుంది, పెద్దగా ఎక్కదు

కౌంటర్ దగ్గర నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఆల్కహాల్ ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్‌ను తగ్గిస్తుంది, అందుకే మూత్రం ఎక్కువ అవుతుంది. మే నెల ఎండలో చెమటలో పోయేదానికి ఇది తోడవుతుంది. తాగిన కాసేపు హాయిగా ఉన్నా వడదెబ్బకు ఇది మందు కాదు. దాహం తీరడానికి ముందు మంచినీళ్లో మజ్జిగో తాగాలి, ఆ తర్వాతే ఇది.

ఇక ఎక్కకపోవడం. చల్లదనం, తీపి ఘాటును మాత్రమే దాస్తాయి, ఆల్కహాల్‌ను కాదు. 60 మి.లీ. జిన్‌లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాముల దాకా మాత్రమే కరిగించుకోగలదు. అంటే ఒక్క లార్జ్‌కే (60 మి.లీ.) రెండు గంటలు దాటుతుంది. గొంతులో మంట లేదు కాబట్టి ఐస్‌క్రీమ్‌లా తినేస్తూ రెండో గ్లాసు అడుగుతారు. అందుకే జిన్‌ను కంటితో కాకుండా జిగ్గర్‌తో (బార్లలో వాడే చిన్న కొలత గిన్నెతో) కొలవమంటాను. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఒక గ్లాసుకే కొందరు ఆ హద్దు దాటవచ్చు. తాగితే బండి తీయొద్దు, క్యాబ్ పిలవండి.

అపోహ: మందులో ఐసు ఏదైనా పర్లేదు, క్రిములు చస్తాయి

7 శాతం ఆల్కహాల్‌కు క్రిములు చావవు. శానిటైజర్‌లో 60 శాతం పైనే ఎందుకుంటుందో ఆలోచించండి. గడ్డకట్టినంత మాత్రానా చావవు. తాగే నీళ్లతో చేసిన ఐసే వాడండి, చేపలకు వాడే దిమ్మ ఐసు జోలికి పోకండి.

అపోహ: ఫ్రోజెన్ డ్రింకులు టూరిస్టుల కోసం, అసలు బార్టెండర్లు చేయరు

క్యూబా రాజధాని హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్ పేరు తెచ్చుకుందే ఐసుతో తిప్పిన డైకిరీ అనే రమ్ము, నిమ్మరసం కాక్‌టెయిల్‌తో. 1971లో డాలస్‌లో రెస్టారెంట్ యజమాని మరియానో మార్టినెజ్ సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి మార్గరీటా (టెకీలా, నిమ్మరసం కలిపే కాక్‌టెయిల్) తీశాడు, ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కొలత కుదరని ఫ్రోజెన్ డ్రింకు ఒక్క గుక్కలో దొరికిపోతుంది. దీన్ని తక్కువ పని అనేవాళ్లు మధ్యాహ్నం రద్దీలో ఒకసారి వరసగా చేసి చూడాలి.

అపోహ: మిగిలింది పారబోయాల్సిందే

అక్కర్లేదు. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టండి. మర్నాటికి గట్టిపడుతుంది కానీ రాయి అవదు. పైనుంచి ఫోర్కుతో గీకితే పలుకులు పలుకులుగా వస్తుంది, మెత్తగా కావాలంటే మిక్సీలో రెండు కొట్లు కొట్టండి. నిమ్మరసం తాజాదనం తగ్గుతుంది కాబట్టి వడ్డించే ముందు అరచెక్క పిండండి. డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, మామిడి ఐస్‌క్రీమ్ అనుకుని పిల్లలు తీసేస్తారు.