ఎస్సిటాలోప్రామ్ పక్కన క్లోనాజెపామ్ ఎలా చేరింది?

దడ, గాబరా, నిద్ర పట్టడం లేదంటూ ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్ల చీటీల్లో తరచూ కనిపించే మాత్ర ఒకటుంది. అందులో డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., గాబరాను వెంటనే తగ్గించే క్లోనాజెపామ్ 0.5 మి.గ్రా. కలిసి ఉంటాయి. మొదటిది నెలల తరబడి వాడాల్సింది, రెండోది వారాల్లో ఆపాల్సింది. రెంటినీ ఒకే బిళ్లలో ఎందుకు పెట్టారన్నది పాత కథే.

గత శతాబ్దం మొదటి సగమంతా బార్బిచురేట్లనే నిద్రమందులదే రాజ్యం. మోతాదు కాస్త మించితే ఊపిరి ఆగేది. 1955లో అమెరికాలో ఆందోళన తగ్గించే మెప్రోబమేట్ వచ్చింది. అలవాటు పడదన్నారు, పడింది. ఆ తర్వాత రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ పరిశోధన నుంచి 1960లో లిబ్రియం, 1963లో వేలియం బజారుకొచ్చాయి. ఇవి బెంజోడయాజిపైన్లు, క్లోనాజెపామ్ కూడా ఈ కుటుంబానిదే. విడిగా మింగితే మోతాదు మించినా చావు అరుదు (మద్యంతో కలిస్తే వేరే మాట). పైగా గంటలోపే గుండె దడ తగ్గేది. వీటికీ అలవాటు పడతారని ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. వీటిని మాన్పించడానికే బ్రిటిష్ డాక్టరు హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా న్యూకాసిల్‌లో క్లినిక్ నడిపారు. 1988లో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ రెండు నుంచి నాలుగు వారాలు మించొద్దంది.

ఆ ఖాళీలోకి డిప్రెషన్ మందులు వచ్చాయి. అమెరికాలో తీరని ఆందోళనకు పారోక్సెటిన్‌ను 2001లో, ఎస్సిటాలోప్రామ్‌ను 2003లో అనుమతించారు.

మరి ఏది మెరుగు? ఎన్నాళ్లు చూశామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మొదటి వారంలో చూస్తే బెంజోడయాజిపైన్‌దే గెలుపు. ఎస్సిటాలోప్రామ్ పని తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో గాబరా పెరగొచ్చు కూడా, నాలుగో రోజుకే మానేసేవాళ్లు అందుకే. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో 89 ట్రయల్స్, 22 మందులు పోల్చి చూశారు. డులోక్సెటిన్, ప్రీగాబలిన్, వెన్లాఫాక్సిన్, ఎస్సిటాలోప్రామ్ పని చేశాయి, రోగులకు పడ్డాయి కూడా. బెంజోడయాజిపైన్లు పని చేశాయి గానీ అంతగా పడలేదు. ఇలాంటి ట్రయల్స్ ఎక్కువగా కొన్ని వారాల్లో ముగుస్తాయి. ఆరో నెలలో మందు మానేటప్పటి అవస్థ వాటి లెక్కలోకి రాదు.

కలిపిన బిళ్ల పుట్టింది ఆ మొదటి వారాల కోసమే: ఎస్సిటాలోప్రామ్ పుంజుకునేదాకా క్లోనాజెపామ్ ఊతకర్ర. ఆలోచన తప్పు కాదు, బిళ్లే తప్పు. మూడో వారంలో ఊతకర్ర తీసేద్దామంటే వీలు కాదు. సగానికి విరిస్తే రెండు మందులూ సగమవుతాయి. డాక్టరు చీటీ మార్చకపోతే అదే స్ట్రిప్ నెలలు నడుస్తుంది. తర్వాత ఒక్కసారిగా మానేస్తే తలలో కరెంటు కొట్టినట్టుండడం, వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ అదే మాత్ర కొంటారు.

విడివిడిగా రాస్తే ఈ చిక్కు లేదు. ఎస్సిటాలోప్రామ్ వారం పాటు 5 మి.గ్రా., తర్వాత 10. క్లోనాజెపామ్ 0.25 మి.గ్రా. రాత్రిపూట, ఆపే తేదీ చీటీ మీదే. ఇప్పటికే నెలలుగా వాడుతున్నవారికి డాక్టరు పర్యవేక్షణలో రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5–10 శాతం చొప్పున తగ్గించాలి.

2014 మార్చి నుంచి మన దేశంలో బెంజోడయాజిపైన్లలో ఆల్ప్రజోలామ్, డయాజిపామ్ షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. మందుల షాపు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయితే చీటీ లేకుండా నడిచే దారి తెలంగాణలో ఇంకోటుంది: కల్తీ కల్లు. అందులో మత్తు కోసం కలిపేది ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్. 2015లో కల్లు దుకాణాలపై దాడులతో సరఫరా ఆగగానే వణుకు, భ్రమలు, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు వరుస కట్టారు. ఇక్కడ దడ అంటూ వచ్చినవాళ్లను డాక్టరు ముందుగా అడగాల్సింది కల్లు తాగుతారా, మానేసి ఎన్ని రోజులైందీ అని.