చిన్న చోరీకి మూడేళ్ల జైలు: జపాన్ వృద్ధుల కథ వెనుక కథ

జపాన్ మహిళా జైళ్లలో 65 ఏళ్లు దాటిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా దొంగతనం కేసుల్లో వచ్చినవారే. వాటిలో ఎక్కువ భాగం దుకాణాల్లో చేసిన చిన్న చోరీలు. భోజనం డబ్బా ఒకటి సంచిలో వేసుకుని డబ్బు కట్టకుండా బయటికి వచ్చినందుకు జైలా?

మొదటిసారికే జైలు పడదు. సరుకు తిరిగి ఇచ్చి క్షమాపణ చెబితే చాలాసార్లు పోలీసులు మందలించి వదిలేస్తారు. మళ్లీ చేస్తే జరిమానా, ఆపైన అమలు వాయిదా వేసిన జైలు శిక్ష. ఆ వాయిదా గడువులో మళ్లీ దొరికితే సాధారణంగా జైలే. పాత శిక్ష కూడా కొత్తదానికి తోడవుతుంది. ఎంత విలువైనది తీశారన్నదానికంటే ఎన్నోసారి దొరికారన్నదే ముఖ్యమవుతుంది.

ఈ వరుసలో చివరి మెట్టు 1930 నాటి చట్టం. ఇళ్లలో చొరబడే దొంగలంటే టోక్యో వణికిపోతున్న రోజుల్లో వచ్చింది. దొంగతనానికి పదేళ్లలో మూడుసార్లు ఆరు నెలలో, అంతకు మించో జైలు శిక్ష పడినవారు అలవాటుగా మళ్లీ అదే పని చేస్తే కనీసం మూడేళ్లు జైలు. కన్నాలు వేసేవారి కోసం రాసిన ఈ నిబంధన ఇప్పుడు ఒంటరి ముసలివాళ్ల మీద పడుతోంది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

2006 వరకు దొంగతనానికి జరిమానా అనే శిక్షే లేదు. ఆ ఏడాది 5 లక్షల యెన్‌ల వరకు జరిమానా వేసే వీలు కల్పించారు. కానీ కట్టలేనివారు దానికి బదులుగా నిర్బంధంలో పనిచేయాలి. పేదవారికి దీనివల్ల ఒరిగింది తక్కువ.

అదే ఏడాది జనవరిలో షిమొనొసెకి రైల్వే స్టేషన్ తగలబడింది. నిప్పు పెట్టింది 74 ఏళ్ల వృద్ధుడు. ఫుకువోకా జైలు నుంచి విడుదలై ఎనిమిది రోజులే అయింది. ఇల్లు లేదు, అయినవారు లేరు. జైలుకు తిరిగి వెళ్లాలనే నిప్పు పెట్టానన్నాడు. ఆయనది దొంగతనం కేసు కాదు. అయినా విడుదలైన మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నను అధికారులు ఇక దాటవేయలేకపోయారు. 2009 నుంచి వృద్ధులకు, వికలాంగులకు విడుదలకు ముందే బస, వైద్యం, సంక్షేమ సాయం కుదిర్చే కేంద్రాలు మొదలయ్యాయి. తిరిగి నేరం చేయకుండా చూడడం ప్రభుత్వ బాధ్యతేనని 2016లో చట్టం కూడా చేశారు.

2025 జూన్‌లో ఖైదీలకు తప్పనిసరిగా పని అప్పగించే పాత పద్ధతి పోయింది. ఖైదీ అవసరాన్ని బట్టి చదువు, చికిత్స, శిక్షణ ఇచ్చే వీలు కలిగింది. 1907లో శిక్షాస్మృతి వచ్చాక శిక్షల రకాలు మారడం ఇదే మొదటిసారి. 1930 నాటి మూడేళ్ల నిబంధనను మాత్రం ఎత్తేయలేదు.