పదో తరగతి తరువాత ఏ దారి? శ్రీకాకుళంలో నేను తరచుగా వినే అపోహలు

ఇంటర్ విద్యార్థులకు పాఠాలతో పాటు పై చదువుల సలహాలు కూడా చెబుతూ ఉంటాను కనుక, ప్రతి వేసవిలోనూ కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినవలసి వస్తుంది.

అపోహ: బైపీసీ చదివితే ఎంబీబీఎస్ సీటు రావాలి, రాకపోతే ఆ రెండేళ్లూ వృథా.

వాస్తవం: ఈ భయం ఎక్కువగా, పిల్లలు డాక్టరు పనిని తప్ప మరో పనిని దగ్గరగా చూడకపోవడం వల్ల పుడుతుంది. నైరలో వ్యవసాయ కళాశాల, గరివిడిలో పశువైద్య కళాశాల మన పక్కనే ఉన్నాయి. నర్సింగ్, ఫార్మసీ, మత్స్యశాస్త్రం కూడా ఈ గ్రూపు వారికి తెరిచి ఉన్న దారులే. రసాయనశాస్త్రంతో డిగ్రీ చేసినవారికి పైడిభీమవరం మందుల పరిశ్రమల్లో నాణ్యత పరీక్షల పనులు ఉంటాయి. డాక్టరునే అవుతానని పట్టుబట్టిన ఒక కుర్రాడిని సెలవుల్లో వారం రోజులు తన ఊరి పశువుల ఆసుపత్రిలో కూర్చోమన్నాను. ఈనలేక అవస్థ పడుతున్న ఆవును అక్కడ చూసి వచ్చి, "మాస్టారూ, ఆ పనికి ఏం చదవాలండీ?" అని అడిగాడు. అంతకుముందు ఏడాది పొడుగునా నేను చెప్పిన మాటలకు అతడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదన్నది వేరే సంగతి.

అపోహ: పాలిటెక్నిక్ తక్కువ మార్కుల వారిది.

వాస్తవం: పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల డిప్లొమా పూర్తి చేసినవారు ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. యంత్రాన్ని విప్పి చూడనిదే నిద్రపట్టని పిల్లవాడికి ఇదే సరైన దారి.

అపోహ: ఆర్మీకి వెళ్లేవాడికి చదువుతో పనేముంది?

వాస్తవం: తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు సాధన చేసే మన కుర్రాళ్ల పట్టుదల నాకు గౌరవమే. అయితే ఇప్పుడు జవాన్లను చేర్చుకునే అగ్నివీర్ సేవ నాలుగేళ్లు. ఆ తరువాత కొనసాగించేది గరిష్ఠంగా 25 శాతం మందిని. తిరిగి వచ్చిన నాడు చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ మాత్రమే ఉంటే ఇబ్బంది కనుక, పరుగుతో పాటు ఇంటర్ కూడా పూర్తి చేయమంటాను.

అపోహ: అభిరుచి పరీక్ష రాస్తే సరిపడే ఉద్యోగమేదో తెలిసిపోతుంది.

వాస్తవం: కొంత మొగ్గు తెలుస్తుంది, అంతే. చూడని పని గురించి అడిగితే పిల్లలు ఊహించి టిక్కు పెడతారు. అందుకే ఆ కాగితం చేతికిచ్చే ముందు, గత సెలవుల్లో ఎవరి పని దగ్గర ఎంతసేపు నిలబడి చూశావని అడుగుతాను.