విరిగిన ఎముక, అరిగిన గుజ్జు: అపోహలు - వాస్తవాలు

నేను ఒంగోలు వైపు ఎముకల డాక్టర్ని. ఓపీలో రోజూ అవే మాటలు, అవే సమాధానాలు, నోరు నొప్పి పుడుతోంది, అందుకే ఒకసారి రాసి పెట్టుకుంటే వాట్సాప్‌లో పంపేయొచ్చు కదా అని కూర్చున్నా.

అపోహ: ఎముకని డాక్టర్ అతికిస్తాడు

అతికించేది నేను కాదండీ. రాడ్డైనా ప్లేటైనా పిండికట్టైనా ముక్కలు జరక్కుండా పట్టుకుంటాయి అంతే, అతుక్కునేది ఎముకే, ఎందుకంటే అది ఎండు కట్టె కాదు, లోపల రక్తం పారుతున్న ప్రాణమున్న భాగం. విరగ్గానే అక్కడ రక్తం గడ్డ కడుతుంది, రెండు మూడు వారాలకి ఆ చోట కాలస్ అనే మెత్తటి అతుకు ముద్ద వస్తుంది, అది చాలావరకు మృదులాస్థే, మీరు గుజ్జు అంటారే ఆ జాతిదే, తర్వాత దాంట్లోకి రక్తనాళాలు పాకి కాల్షియం చేరి గట్టి ఎముకగా మారుతుంది, అప్పుడు ఎక్స్‌రేలో విరిగిన చోటు చుట్టూ తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. ఆ మబ్బు కోసమే మేం మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రే తీయించేది, బిల్లు కోసం కాదు. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది గానీ ఎముక మళ్ళీ ఎముకగానే అతుకుతుంది. సిగరెట్ తాగేవాళ్ళకి, షుగర్ అదుపులో లేనివాళ్ళకి లేటవుతుంది. "పక్కింటాయనకి ఆరు వారాలకే కట్టు విప్పారు సార్" అంటారు, ఆయన విరగ్గొట్టుకుంది మణికట్టు, మీది మోకాలి కింద పెద్ద ఎముక, రెండూ ఒకటెలా అవుతాయి?

అపోహ: వేళ్ళు కదులుతున్నాయి, కాబట్టి విరగలేదు

కదులుతాయి. నడిచొచ్చిన ఫ్రాక్చర్లు ఎన్నో చూశా.

అపోహ: దెబ్బ తగిలితే నూనె రాసి బాగా రుద్దాలి

దీని మీద నాకు నిజంగా కోపం. తొమ్మిదేళ్ళ పిల్లాడు జామచెట్టు మీంచి పడి మోచెయ్యి కీలు తప్పింది, ఎవరో సరిచేశారు, బాగానే ఉంది, ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ మూడు వారాలు వేడి నూనెతో రుద్ది, చెయ్యి లాగి లాగి చాపారు. నా దగ్గరికి వచ్చేసరికి ముద్ద నోటిదాకా వెళ్ళట్లేదు. ఎక్స్‌రేలో చూస్తే మోచేతి ముందు కండలో ఎముక మొలిచి ఉంది! నలిగిన కండని మళ్ళీ మళ్ళీ నలిపితే అక్కడి కణాలు దారి తప్పి ఎముక కడతాయి, మోచేతికి ఈ గుణం మరీ ఎక్కువ.

పుత్తూరు కట్టు సంగతేంటి అని ఎలాగూ అడుగుతారు. పక్కకి జరగని మామూలు ఫ్రాక్చరైతే కదలకుండా ఏ కట్టు కట్టినా చాలావరకు అతుకుతుంది, పైన చెప్పా కదా, పని చేసేది ఎముకే. కీలులోకి వెళ్ళిన ఫ్రాక్చర్, పిల్లల మోచెయ్యి మాత్రం అక్కడికి తీసుకెళ్ళొద్దు. ఎవరు కట్టిన కట్టైనా సరే, నాదైనా సరే, వేళ్ళు పాలిపోయి చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాపితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే వదులు చేయించండి, ఆరు గంటలు రక్తం అందకపోతే కండ మళ్ళీ కోలుకోదు.

అపోహ: పిల్లాడి ఎక్స్‌రేలో గీత ఉంది, విరిగినట్టే

చాలాసార్లు అది గ్రోత్ ప్లేట్. ఎముక చివర్లో ఉండే మృదులాస్థి పొర, ఎక్స్‌రేలో పడదు కాబట్టి నల్లటి సందులా కనిపిస్తుంది, పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లలకి 14-15, మగపిల్లలకి 16-17 ఏళ్ళు వచ్చేసరికి దాదాపు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఏ పౌడర్ తాగినా హైట్ పెరగరు.

అపోహ: ఎముక తెల్లగా, దట్టంగా ఉంటే బలంగా ఉన్నట్టు

మా వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. 1937లోనే పొదిలి, దర్శి ప్రాంతంలో, అప్పట్లో అది నెల్లూరు జిల్లా, నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుని గుర్తించారు. ఎక్స్‌రేలో వెన్నెముక సుద్దముక్కలా తెల్లగా మెరుస్తుంది, మనిషి మాత్రం నడుం వంచలేడు.

అపోహ: గుజ్జు అరిగింది, నడిస్తే ఇంకా అరుగుతుంది

మోకాలి గుజ్జుకి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే విరిగిన ఎముకలా తనంతట తాను పూడదు, 1743లోనే లండన్ డాక్టర్ విలియం హంటర్ ఇది పోతే తిరిగి రాదని చెప్పాడు. మరి దానికి తిండి ఎక్కణ్ణించి? కీలులో ఉండే జిగురు ద్రవం నుంచి. అడుగు వేస్తే స్పాంజిలా నలుగుతుంది, ఎత్తితే ద్రవాన్ని పీల్చుకుంటుంది, అంటే నడకే దాని అన్నం. మంచం ఎక్కితే పస్తు పెట్టినట్టే. తొడ కండరాలు గట్టిపరచండి, ఒక కిలో బరువు తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. "గుజ్జు ఇంజక్షన్" అంటారే, అది ఆ జిగురు ద్రవం లాంటిదే, కొందరికి కొన్నాళ్ళు ఉపశమనం ఇస్తుందేమో గానీ కొత్త గుజ్జు పుట్టించదు. పాయా సూప్ కూడా అంతే, రుచికి తాగండి, కాల్షియం కావాలంటే రాగులు, పాలు ఉన్నాయి.

అపోహ: మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుంది

ఆ చప్పుడు కీలు ద్రవంలో గ్యాస్ బుడగది, ఎముకది కాదు. డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికా డాక్టర్ 60 ఏళ్ళకి పైగా ఎడమ చేతి మెటికలే విరిచి, కుడి చేతివి వదిలేసి చూసుకున్నాడు, రెండు చేతులకీ తేడా రాలేదు, దానికి 2009లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, అసలు నోబెల్ కాదు, నవ్వు తెప్పించే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి. ఒక్క మనిషి లెక్కతో సైన్స్ తేలదనుకోండి. మా అమ్మమ్మ కూడా దిష్టి తీసినప్పుడల్లా కణతలకి చేతులానించి పదివేళ్ళూ ఫటఫటా విరిచేది, ఆ వేళ్ళతోనే చివరిదాకా మల్లెపూలు కట్టింది.