మహేంద్రతనయ దాటాల్సిన డిక్రీ

ప్రోనోటు ఒడిశాలోని పర్లాకిమిడిలో రాసుకున్నారు, అప్పు తీసుకున్నాయన ఉండేది ఆంధ్రలోని పాతపట్నంలో. మధ్యలో మహేంద్రతనయ నది. మనిషి ఆటో ఎక్కితే కాసేపట్లో చేరతాడు. కోర్టు కాగితానికి మాత్రం అది వేరే రాష్ట్రం.

1936 ఏప్రిల్ 1 దాకా ఈ తిప్పలు లేవు. గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే, హైకోర్టూ మద్రాసే. ఆ రోజు ఒరిస్సా ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి ఇటు, ఒరిస్సాలోకి వచ్చాయి. పర్లాకిమిడి జమీందారీలో కొంత అటే, మద్రాసులోనే ఉండిపోయింది. కొత్త రాష్ట్రానికి హైకోర్టు 1948 జులై 26న కటక్‌లో వచ్చింది, అప్పటిదాకా పాట్నాయే దిక్కు. పొలం ఒక రాష్ట్రంలో, వియ్యాలవారు ఇంకో రాష్ట్రంలో ఉండే తెలుగు కుటుంబాలు మా వైపు ఇప్పటికీ కొల్లలు.

చట్టం దారి మూయలేదు. సివిల్ కోర్టు తుది తీర్పు దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చని రాజ్యాంగం 261వ అధికరణే చెబుతోంది. కాకపోతే ఆస్తి ఉన్నచోటి కోర్టు ద్వారా చేయాలి. డిక్రీ, అంటే కోర్టు తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వు, దాని నకలు, బాకీ వసూలు కాలేదన్న సర్టిఫికెట్ అక్కడికి వెళ్లాలి. గెలిచినవాడు అక్కడ మళ్లీ ఈపీ (అమలు కోరే పిటిషన్) వేసుకుని, నోటీసుల ఖర్చుకు బత్తా కట్టుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన 1976 సవరణ తర్వాత డిక్రీని నేరుగా పంపే వీలు కలిగింది. 2002 సవరణ మాత్రం పరిధి దాటి అమలు చేయొద్దని కోర్టులకు గట్టిగా గీత గీసింది. డబ్బు డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు. ఎక్కువే అనిపిస్తుంది, తిరగడం మొదలుపెట్టేదాకా.

ఇక ఇలా హద్దు దాటే కేసుల పనికి ప్రభుత్వాలు పెట్టే డబ్బు సంగతి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య సివిల్ వ్యవహారాల్లో సహకారానికి 2001లోనే ఒక నెట్‌వర్క్ పెట్టుకుంది. సివిల్, క్రిమినల్ న్యాయ సహకారానికి, శిక్షణకు 2021–27 జస్టిస్ ప్రోగ్రామ్ కింద సుమారు 30.5 కోట్ల యూరోలు కేటాయించింది. మన దగ్గర ఆ పనికి పనికొచ్చే సొమ్ము కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పద్దులో కలిసి వస్తుంది: మొదటి దశకు 935 కోట్లు, రెండో దశకు 1,670 కోట్లు, 2023 సెప్టెంబరులో ఆమోదించిన మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు. ఇందులో పాత రికార్డుల స్కానింగ్ లాంటి పనులకే 2,038 కోట్లు. సమన్లు ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారో ఫోనులో నమోదు చేసే ఎన్‌స్టెప్ వాటా 25.75 కోట్లు. సరిహద్దు జనానికి కావాల్సింది ఎక్కువగా ఆ చిన్న ముక్కే.

సమన్లు అందించే కోర్టు ఉద్యోగి, ప్రాసెస్ సర్వర్, గుమ్మం ముందు నిలబడ్డ చోటును జీపీఎస్ చూపిస్తుంది. ఆయన తెలుగులో రాసిన రిపోర్టు ఇటు రావాలంటే మాత్రం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో తర్జుమా జత చేయాల్సిందే.