డిఫెన్స్ ఆటగాడికి మళ్ళీ కాంట్రాక్ట్: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో కాలేజీ పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. మావాళ్ళు పొద్దున్నే ఫోన్లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూసేసి గ్రౌండ్‌కి వస్తారు. అక్కడ కాంట్రాక్టులు ముగిసే జూన్ నెలాఖరులో ఇక్కడ ప్రాక్టీసు తక్కువ, పంచాయితీ ఎక్కువ. పాయింట్లు కొట్టడం కన్నా అవతలివాళ్ళని ఆపడంలో దిట్టైన ఆటగాడికి, అంటే డిఫెండర్‌కి, టీమ్ మళ్ళీ కాంట్రాక్ట్ ఇవ్వాలా వద్దా అన్నదాని మీద మళ్ళీ మళ్ళీ వినబడే మాటలివి.

అపోహ: పాయింట్లు కొట్టనివాడికి కోట్లు దండగ.

రొయ్యలు ఎవరూ ఎత్తుకుపోవట్లేదు కదా, చెరువు మీద కాపలావాడికి జీతమెందుకు అన్నట్టుంది ఈ మాట. అలెక్స్ కారుసోనే తీసుకోండి. 2022–23లో అతని సగటు మ్యాచ్‌కి 5.6 పాయింట్లు. అయినా ఆ ఏడు ఆల్ డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లో, అంటే లీగ్ మొత్తంలో మేటి ఐదుగురు డిఫెండర్లలో, ఉన్నాడు. 2024లో ఓక్లహామా సిటీ అతన్ని ట్రేడ్‌లో తెచ్చుకుని, ఆ డిసెంబర్లోనే నాలుగేళ్ళకి 8.1 కోట్ల డాలర్లు రాసిచ్చింది.

2025 మేలో డెన్వర్‌తో ఏడో మ్యాచ్ వీడియోని మా పిల్లలకి ఆపి ఆపి చూపించాను. డెన్వర్ స్టార్, 6 అడుగుల 11 అంగుళాల యోకిచ్ మీదకి 6 అడుగుల 5 అంగుళాల కారుసోని పంపారు. వెనకాల నిలబడితే యోకిచ్ వీపుతో నెట్టుకుంటూ రింగు కిందకి పోతాడు. అందుకే కారుసో అతని ముందుకి దూరి, నడుము దించి, చెయ్యి బంతి వచ్చే దారికి అడ్డం పెట్టాడు. మీదనుంచి పాస్ వేద్దామంటే వెనక సాయానికి ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. ఓక్లహామా 125–93తో గెలిచింది, ఆ ఏడు కప్పు కూడా వాళ్ళదే. పాస్ రానివ్వకుండా ఆపినందుకు స్కోరు షీట్లో గడేమీ ఉండదు.

అపోహ: స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ని చేత్తో అడ్డుకోవడం) ఎక్కువుంటే గొప్ప డిఫెండర్.

కాదు. స్టీల్ కోసం ఎగబడి బంతి అందకపోతే మిగిలిన నలుగురూ ఐదుగుర్ని కాసుకోవాలి. నేను చూసేది అవతలి టీమ్‌లో ఎవరి మీద ఇతన్ని వేస్తున్నారు, స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడ్డ అవతలి ఆటగాడు) తగిలాక ఎంత తొందరగా తిరిగి మనిషిని అందుకుంటున్నాడు అనేదే.

అపోహ: డిఫెన్స్ గట్టిగా ఉంటే షూటింగ్ రాకపోయినా పర్లేదు.

లీగ్ మ్యాచుల్లో పర్లేదేమో. ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లలో) మాత్రం అవతలివాళ్ళకి ఒకే టీమ్‌ని చదువుకోడానికి రెండు వారాలుంటాయి, లోపం ఎక్కడుందో తవ్వి తీస్తారు. 2015 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ మీద మెంఫిస్ 2–1తో ముందుంది. నాలుగో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ తన సెంటర్ బోగట్‌ని మెంఫిస్ డిఫెండర్ టోనీ అలెన్ మీద వేసింది. వేసిందన్నది పేరుకే. బోగట్ అలెన్ వైపు రాకుండా రింగు దగ్గరే ఉండిపోయాడు, కొట్టుకోమని వదిలేశాడు. ఆ ఏడు ఆల్ డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లో ఉన్న మనిషిని మెంఫిస్ బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ నాలుగో మ్యాచ్‌తో మొదలుపెట్టి వరసగా మూడూ గోల్డెన్ స్టేట్‌వే.

ఓక్లహామా డిఫెండర్ ఆండ్రే రాబర్సన్ కథ ఇంకా ఘోరం. 2017లో హ్యూస్టన్‌తో సిరీస్‌లో 21 ఫ్రీ త్రోలకి (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డం లేకుండా లైను దగ్గర్నుంచి వేసే షాట్లకి) 3 పడ్డాయి. హ్యూస్టన్ కావాలనే ఫౌల్ చేసి అతన్ని లైను దగ్గరికి పంపించింది. అయినా ఆ వేసవిలోనే ఓక్లహామా మూడేళ్ళకి 3 కోట్ల డాలర్లిచ్చి ఉంచుకుంది. 2018 జనవరిలో మోకాలి దగ్గర టెండన్ తెగి, రెండేళ్ళకి పైగా ఆటకి దూరమయ్యాడు. గాయాన్ని ఎవరూ ముందు చూడలేరు, దానికి నేను ఓక్లహామాని అనను. ఫ్రీ త్రోలు మాత్రం అందరూ చూశారుగా. ధర అక్కడ తగ్గించాల్సింది.

అపోహ: వదిలేశారంటే యాజమాన్యం పిసినారిది. ఆ డబ్బుతో ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు.

అసలు మెలిక ఇక్కడుంది. ఎన్‌బీఏలో జీతాలకి ఒక పరిమితి ఉంది. టీమ్ మారకుండా మూడు సీజన్లు ఆడిన తన ఆటగాణ్ణి ఆ పరిమితి దాటి కూడా ఉంచుకోవచ్చు. దీన్నే బర్డ్ హక్కులంటారు. బయటివాణ్ణి తేవాలంటే ఈ వెసులుబాటు లేదు. అంటే పరిమితి మీదున్న టీమ్ తన డిఫెండర్‌ని వదిలేస్తే, ఆ జీతం మిగిలి చేతికి రాదు. ఖాళీ మాత్రం మిగులుతుంది.

2023లో కప్పు గెలిచిన డెన్వర్, బ్రూస్ బ్రౌన్‌ని పోగొట్టుకుంది. అక్కడ ఒక్క సీజనే ఆడాడు కాబట్టి పాత జీతానికి 120 శాతం, అంటే సుమారు 78 లక్షల డాలర్లు మించి మొదటి ఏడాదికి ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. ఇండియానా రెండేళ్ళకి 4.5 కోట్ల డాలర్లు పెట్టింది. ఇందులో పిసినారితనమేముంది?

2021లో లేకర్స్ కారుసోని వదులుకోవడం అలాంటిది కాదు. వాళ్ళకి బర్డ్ హక్కులున్నాయి. అడ్డొచ్చింది లగ్జరీ ట్యాక్స్, అంటే జీతాల మొత్తం ఒక గీత దాటితే టీమ్ లీగ్‌కి కట్టే పన్ను. అప్పటి లెక్కలో గీత దాటిన ప్రతి డాలరుకీ కనీసం డాలరున్నర పన్ను. షికాగో నాలుగేళ్ళకి సుమారు 3.7 కోట్లతో తన్నుకుపోయింది. తర్వాతి సీజన్లో లేకర్స్ 33 గెలిచి 49 ఓడి, ప్లేఆఫ్స్‌కే రాలేదు. అదంతా ఒక్క కారుసో లేకే అని చెప్పను, కానీ ఆ పొదుపు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇక ఎన్నేళ్ళకి రాయాలంటారా, డిఫెండర్‌కి ముందు పోయేవి కాళ్ళే. నన్నడిగితే 30 వచ్చినవాడికి ఏడాది సొమ్ము కాస్త పెంచి ఏళ్ళు తగ్గిస్తాను, చివరి ఏడు ఉంచుకోవాలా వద్దా అనేది టీమ్ చేతిలో పెట్టుకుంటాను. కారుసోకైనా సరే, మూడేళ్ళ దగ్గర ఆగేవాణ్ణి. ఏజెంట్ ఒప్పుకుంటాడా అనేది వేరే గొడవ.